కరువుకు రెండు ఇంగ్లీషు పేర్లు

2022 ఏప్రిల్‌లో మా బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టాము. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు ఒంటరిగా వచ్చి నిలబడ్డాడు. "మీ అమ్మ రాలేదేమిరా?" అని అడిగితే "కరువు పనికి పొయ్యింది సార్" అన్నాడు. అంతకు అయిదు నెలల ముందే, 2021 నవంబరులో, చిత్తూరు జిల్లాలో చెరువులు తెగాయి, తిరుపతి వీధులు ఏరులయ్యాయి. మా ఊరి చెరువులో ఇంకా నీళ్లున్నాయి. మరి కరువు ఎక్కడిది? వాడు చెప్పింది ఉపాధి హామీ పని సంగతి. ఆ పథకాన్ని దేశమంతటికీ కలిపి 2006 ఫిబ్రవరిలో ప్రారంభించింది మన సీమలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ప్రభుత్వం దానికి పెట్టిన పేరు ఒకటి. సీమ జనం పిలిచిన పేరు 'కరువు పని'.

పక్కన కూర్చున్న ఇంగ్లీషు ఉపాధ్యాయుడు నవ్వి, "దీన్ని ఇంగ్లీషులో ఏమనాలి? ఫామిన్ వర్కా, స్కేర్సిటీ వర్కా? ఏదన్నా ఒకటేలే" అన్నాడు. ఒకటే అని నేను కూడా చాలా కాలం అనుకున్నాను. పదేళ్ల కిందట పాత రెవెన్యూ నివేదికల్లోని కొన్ని భాగాలను తెలుగు చేసినప్పుడు, ఫామిన్ అన్నచోటా స్కేర్సిటీ అన్నచోటా నిశ్చింతగా 'కరువు' అనే రాసి పారేశాను. వాక్యం సాఫీగా నడిచింది. చరిత్ర మాత్రం తప్పిపోయింది. ఆ తప్పు ఎంతటిదో చెప్పుకోవడమే ఈ వ్యాసం పని.

ముందు మాటల పుట్టుక చూద్దాం. ఫామిన్‌కు మూలం లాటిన్‌లో ఆకలి అనే అర్థం గల మాట. అది కడుపు నుంచి పుట్టిన పదం. స్కేర్సిటీ ఫ్రెంచి దారిన ఇంగ్లీషులోకి వచ్చింది. అది వస్తువు నుంచి పుట్టిన పదం: సరుకు కొద్దిగా ఉంది, చాలినంత లేదు అని చెబుతుంది. మొదటి మాట వినగానే తిండిలేని మనిషి కనబడతాడు. రెండో మాట వినగానే ఖాళీ అయిన గాదె కనబడుతుంది, మనిషి కనబడడు. ఒక మాటలో కర్త ఉన్నాడు, మరో మాటలో లేడు. భాషాశాస్త్రం ఇంతవరకే చెబుతుంది. ఈ తేడాను ఎవరు, ఎప్పుడు, ఎవరి ప్రయోజనానికి వాడుకున్నారన్నది మాత్రం చరిత్ర చెప్పాలి.

1776లో ఆడమ్ స్మిత్ తన ఆర్థికశాస్త్ర గ్రంథంలో ధాన్యం వ్యాపారం గురించి రాస్తూ కొరతనూ క్షామాన్నీ వేరు చేశాడు. కొరత ప్రకృతి వల్ల రావచ్చుననీ, దాన్ని క్షామంగా మార్చేది ప్రభుత్వాల అనుచిత జోక్యమేననీ ఆయన వాదన. కొద్ది సంవత్సరాల ముందే బెంగాల్‌లో కంపెనీ ఏలుబడిలో వచ్చిన మహాక్షామాన్ని కూడా ఆయన ఈ వాదనలోకి తెచ్చాడు. స్మిత్ ఏ ఉద్దేశంతో రాసినా, తరువాతి వందేళ్లలో ఆ వాదన తెల్లదొరల చేతికి ధర్మశాస్త్రంలా దొరికింది. ధరల జోలికి పోకూడదు, ఎగుమతులు ఆపకూడదు, అంగడి తన పని తాను చేసుకుంటుంది. అంగడి పని చేస్తున్నంత సేపూ ఉన్నది కొరతే కాని క్షామం కాదు.

1832-33లో గుంటూరు సీమ తుడిచిపెట్టుకుపోయింది. జనం దాన్ని డొక్కల కరువు అన్నారు. పేరులోనే మనిషి శరీరం ఉంది. అంతకు నలభై ఏళ్ల ముందు దక్కనులో వచ్చినదానికి పుర్రెల కరువనే పేరు నిలిచింది. జనం కరువుకు పేరు పెట్టేటప్పుడు వానల లెక్క చూడలేదు, చచ్చినవాళ్ల ఎముకలు చూశారు. గుంటూరు కరువు కాలంలో అక్కడ ఉద్యోగంలో ఉన్న సి.పి. బ్రౌన్, కచేరీ కాగితాల్లో మెత్తని మాటలు వాడుకలో ఉండగా ఫామిన్ అనే మాటనే వాడాడని ఆయన జీవితాన్ని రాసినవారు చెబుతారు. తెలుగు మాటల బరువు తూచడానికి జీవితం ధారపోసిన మనిషి, ఇంగ్లీషు మాట బరువు కూడా తెలిసే వాడి ఉంటాడు.

అసలు కథ 1876లో మొదలవుతుంది. అప్పుడు చిత్తూరు పేరుతో జిల్లా లేదు. చిత్తూరు పట్టణం ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం. మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలో ఉండేవి. ఈ తాలూకాలన్నీ కలిసి చిత్తూరు జిల్లా అయింది 1911లో. ధాత నామ సంవత్సరంలో వానలు రెండు కార్లూ పోయాయి, ఈశ్వర నామ సంవత్సరం ఎండాకాలం దాటినా తెరిపి లేదు. సీమ పల్లెల్లో ధాత కరువు అని తరాలపాటు చెప్పుకున్నది దీన్నే. మద్రాసు రాజధాని అంతటా, మైసూరులో, బొంబాయి దక్కనులో కలిపి యాభై లక్షలకు పైబడే జనం చచ్చారు. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే కర్నూలు జిల్లాలో సుమారు నాలుగో వంతు జనం తగ్గిపోయి కనిపిస్తారు.

ఆ 1877 జనవరి ఒకటిన ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటిస్తూ దర్బారు జరిపించాడు. అదే నెలలో సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసుకు పంపించాడు. టెంపుల్ కథ తెలుసుకోదగ్గది. 1873-74లో బీహారు కరువులో ఆయనే బర్మా బియ్యం తెప్పించి పంచాడు, చావులు చాలా తక్కువ. దానికి దక్కిన బహుమానం దుబారా చేశాడన్న నింద. మూడేళ్ల తరువాత మద్రాసుకు వచ్చినప్పుడు ఆ నింద కడుక్కోవాలని నిశ్చయించుకున్న మనిషిగా వచ్చాడు. కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునన్నాడు. పౌనంటే అర కిలో కూడా కాదు. దానితో రాళ్లు కొట్టే మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ పోరాడాడు. నెలల తరబడి వాదం నడిచి, కూలి కొంత పెరిగేసరికి ఎన్నో శిబిరాలు శ్మశానాలయ్యాయి. మద్రాసు నగరంలోనూ పులికాట్ మీదుగా సాగే తీరంలోనూ ఉన్న బకింగ్‌హామ్ కాలువకు ఆనాటి గవర్నరు పేరు ఉంది. ఆ కాలువలో కొంత భాగాన్ని తవ్వినవాళ్లు ఈ కరువు కూలీలే. వాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

ఇంత చావు చూశాక రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన కమిషన్ వేశారు. 1880లో నివేదిక వచ్చింది. 1883 నుంచి రాష్ట్రాల వారీగా ఫామిన్ కోడ్‌లు వచ్చాయి. మన రెండు మాటలూ నిఘంటువు విడిచి చట్టంలో అడుగుపెట్టింది ఇక్కడే. కోడ్‌ల పద్ధతిలో కష్టానికి మెట్లున్నాయి. మొదట కొరత సూచనలు, తరువాత స్కేర్సిటీ, ఆ తరువాత ఫామిన్. పంటలు వరసగా పోవడం, దిగుబడి సగానికో మూడో వంతుకో పడిపోవడం స్కేర్సిటీ లక్షణాలు. ధరలు బాగా పెరిగిపోవడం, జనం ఊళ్లు విడిచి పోవడం, చావులు పెరగడం ఫామిన్ లక్షణాలు. మధ్యలో 'టెస్ట్ వర్క్స్' అనే పరీక్ష పనులు పెట్టేవారు. తక్కువ కూలికి కఠినమైన పని పెట్టి చూస్తారు. ఆ కూలికి కూడా జనం ఎగబడి వస్తే కష్టం నిజమైనదని తేలినట్టు. ఆకలికి కూడా ప్రవేశ పరీక్ష పెట్టారన్నమాట.

ఈ మెట్లను పైపైన చూస్తే రెండు మాటల తేడా కేవలం తీవ్రతలో ఉన్నట్టు కనిపిస్తుంది: కొంచెం ఆకలి ఒకటి, ఎక్కువ ఆకలి ఒకటి. నిజమైన తేడా అది కాదు. ఫామిన్ అని ప్రకటిస్తే ప్రభుత్వం కొన్ని పనులు చేసి తీరాలి. పని చేయగలవాడికి పని, చేయలేని ముసలివాళ్లకు, పిల్లలకు, రోగులకు ఉచితంగా తిండి. చావుల లెక్క పైకి పంపాలి. ఖజానా తెరవాలి. స్కేర్సిటీ అంటే ఇంకా గమనిస్తున్నామని అర్థం. మొదటి మాట ప్రభుత్వం చేతులు కట్టేస్తుంది, రెండో మాట చేతులు కట్టుకొని నిలబడడానికి వీలిస్తుంది. అంటే ఈ రెండు మాటలూ కొలిచింది జనం ఆకలిని కాదు, సర్కారు బాధ్యతను. నా పాత అనువాదంలో మాయమైపోయింది సరిగ్గా ఇదే.

మాట ఎంత పని చేస్తుందో 1943 బెంగాల్ చూపించింది. వీధుల్లో శవాలు. ఆగస్టు 22న స్టేట్స్‌మన్ పత్రిక ఆ ఫొటోలు అచ్చువేసింది. చిత్తప్రసాద్ పల్లెలు తిరిగి గీసిన బొమ్మల పుస్తకం 'హంగ్రీ బెంగాల్' ప్రతులను సర్కారు పట్టుకొని తగలబెట్టింది. అయినా క్షామం ఉన్నట్టు ప్రకటన రాలేదు. కోడ్ ప్రకారం ఇవ్వవలసిన తిండి తమ దగ్గర లేదు కాబట్టి కోడ్‌ను అమలు చేయలేదని గవర్నరు రూథర్‌ఫర్డ్ వైస్రాయికి తెలియజేశాడు. ఈ తర్కం గమనించండి. తిండి పెట్టలేము కాబట్టి దీన్ని ఆకలి అనము. తరువాత విచారణ కమిషన్ చెప్పిన లెక్కే పదిహేను లక్షల చావులు. అమర్త్య సేన్ 1981లో అచ్చయిన పుస్తకంలో అవి ముప్పై లక్షల దాకా ఉంటాయని లెక్కగట్టాడు. ఆ పుస్తకం మొదట్లోనే ఆయన తేల్చిన విషయం మన రెండు మాటల తేడాయే: తిండి లేకపోవడం వేరు, కొందరికి తిండి దక్కకపోవడం వేరు.

మా అవ్వ ఆ పుస్తకం చదవలేదు. ఆమెకు సంతకం కూడా రాదు. 1952లో సీమ అంతటా గంజి కేంద్రాలు పెట్టినప్పుడు ఆమె కొత్త కోడలు. సత్తు గిన్నె పట్టుకొని వరసలో నిలబడిన సంగతి సిగ్గుపడుతూ చెప్పేది. నేను ఎం.ఏ. చదివే రోజుల్లో పెద్ద పరిశోధకుడిలా అడిగాను, "వాన రాకపోతేనే కదా అవ్వా కరువు?" అని. "వాన రాకపోతే ఎండతాది నాయనా. అదేం కరువు? ఎదిరింటోళ్లు గింజలు బదులియ్యరు చూడు, అబ్బుడు కరువొచ్చినట్టు" అంది. సంస్కృతంలో దుర్భిక్షం అనే మాటకు విడదీసి చెప్పే అర్థం కూడా ఇదే, భిక్ష దొరకని కాలం. క్షామం అంటే కృశించిపోవడం. మన పాత మాటలు రెండూ మనిషి వైపు నుంచే పుట్టాయి. ఒకటి అతని శరీరాన్ని చూసింది, ఒకటి అతని చుట్టూ ఉన్న సమాజాన్ని చూసింది. మబ్బును చూసిన మాట అనావృష్టి ఒక్కటే.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ మాటల కథ ముగిసిపోలేదు. 1963లో మహారాష్ట్ర శాసనసభ ఒక చట్టం చేసింది. రాష్ట్రంలో అమలులో ఉన్న చట్టాలన్నిటి నుంచీ ఫామిన్ అనే మాటను తొలగించడమే ఆ చట్టం పని. కొరత లక్షణాలు కనబడగానే ప్రభుత్వం చర్య తీసుకుంటున్నది కాబట్టి ఆ మాటకు కాలం చెల్లిందన్నది అందులోని వాదన. తొమ్మిదేళ్లకే, 1972-73లో, ఆ రాష్ట్రం ఘోరమైన కరువు చూసింది. దానికి భిన్నంగా 1967 ఏప్రిల్‌లో బీహారులో కాంగ్రెసేతర ప్రభుత్వం తమ రాష్ట్రంలో ఫామిన్ ఉందని బహిరంగంగా ప్రకటించింది. మాట బయటికి రాగానే దేశ విదేశాల నుంచి ధాన్యం కదిలింది. ఒక ప్రభుత్వం మాటను కొట్టివేసింది, మరో ప్రభుత్వం మాటను పలికింది. రెండింటి ఫలితాలూ మన ముందున్నాయి.

అయితే 1877నూ నేటినీ ఒకే గాటన కట్టడం చరిత్ర అనిపించుకోదు. చౌక ధరల దుకాణం, 1983లో వచ్చిన రెండు రూపాయల బియ్యం, బడిలో మధ్యాహ్న భోజనం, ఓటు హక్కు, పత్రికలు, ఉద్యమాలు కలిసి ధాత కరువు లాంటి చావులను మన నేల మీద అసాధ్యం చేశాయి. ఇది చిన్న విజయం కాదు, ఎవరి దయ వల్ల వచ్చిందీ కాదు. కాబట్టి ప్రతి ఎండు సంవత్సరాన్నీ ఫామిన్ అని కేక వేయడం నా ఉద్దేశం కాదు. ఆకలి చావు తగ్గిన చోట అప్పు చావు వచ్చింది, వలస వచ్చింది. ఒకప్పుడు మా తాలూకాల జనం కోలారు బంగారు గనులకు పోయారు. గనులు 2001లో మూతపడ్డాయి. ఇప్పుడు బెంగళూరు కట్టడాలకు పోతున్నారు. ఈ కష్టానికి పాత కోడ్‌లో మెట్టు లేదు. కొత్త కాగితాల్లోనూ సరైన మాట లేదు.

కొత్త కాగితాల్లో ఉన్న మాట డ్రౌట్. 2009లో వచ్చి 2016లో మారిన కేంద్ర మార్గదర్శిని వాన లోటు, విత్తిన విస్తీర్ణం, నేలలో తేమ, ఉపగ్రహం చూపే పచ్చదనం లెక్కిస్తుంది. ఆ తరువాత 'మధ్యస్థం', 'తీవ్రం' అని రెండు విశేషణాలు. తీవ్రం అయితేనే కేంద్ర విపత్తు నిధికి అర్హత. మళ్లీ అదే కథ: రెండు మాటలు, మధ్యలో ఖజానా తాళం. అదే 2016లో వాతావరణ శాఖ తన పదకోశం నుంచి డ్రౌట్ మాటనే తొలగించి 'లోటు సంవత్సరం' అనడం మొదలుపెట్టింది. ఫామిన్ పోయి స్కేర్సిటీ వచ్చింది, స్కేర్సిటీ పోయి డ్రౌట్ వచ్చింది, డ్రౌట్ పోయి లోటు వచ్చింది. ప్రతి మార్పులోనూ మనిషి ఒక అడుగు వెనక్కి జరిగాడు, మబ్బు ఒక అడుగు ముందుకు వచ్చింది.

ఇది మన దేశపు వింత కాదు. ఇప్పుడు అంతర్జాతీయ సంస్థలు ఆకలిని అయిదు మెట్లుగా కొలుస్తున్నాయి. అయిదో మెట్టే ఫామిన్. అక్కడికి చేరాలంటే మిగతా కొలతలతో పాటు పదివేల మందిలో రోజుకు ఇద్దరు చావాలి. 2011లో సోమాలియాలో, 2024లో సూడాన్‌లోని జమ్జమ్ శిబిరంలో, 2025 ఆగస్టులో గాజాలో ఆ మాట పలికారు. పలికేలోపల వాదోపవాదాలు ఎంత జరిగాయో పత్రికలు చదివినవారికి తెలుసు. కొలతలు అవసరమే, లేకపోతే ఎవరి నోటికి వచ్చింది వారు చెబుతారు. కాని ఆ మెట్టు మీద చచ్చినవాడు కింది మెట్ల మీద కూడా ఆకలితోనే ఉన్నాడన్నది ఏ కొలతా మరచిపోనివ్వకూడదు.

ఇక మన పని సంగతి. తెలుగులో కరువు అనే ఒకే మాట ఈ బరువంతా మోసింది. 'కరువులో అధికమాసం' అన్నప్పుడు అది ఆకలి, 'మాటకు కరువా' అన్నప్పుడు అది కొరత. ఇప్పుడు డ్రౌట్‌కు కూడా కచేరీ అనువాదం కరువే. పత్రికల్లో 'కరువు మండలాలు' అంటే వాన లోటు మండలాలు. ఆకలిని మోసిన మాట నెమ్మదిగా వర్షమాపకం అంకెగా మారిపోతున్నది. పదేళ్లు పోతే, విద్వాన్ విశ్వం 1956లో ప్రచురించిన 'పెన్నేటి పాట' చదివే విద్యార్థి, అందులోని కరువును వాతావరణ విశేషంగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. మా తరగతి గదిలో ఆ ప్రమాదం ఇప్పటికే మొదలయింది. కరువుకు అర్థం రాయమంటే ముప్పై మందిలో ఇరవై మంది 'వానలు పడకపోవడం' అని రాశారు.

అందువల్ల అనువాదకులకూ రచయితలకూ నా మనవి ఒకటే. ఫామిన్ అన్నచోట క్షామం అనండి, స్కేర్సిటీ అన్నచోట కొరత అనండి, డ్రౌట్ అన్నచోట అనావృష్టి అనో వానలోటు అనో రాయండి. పాత్ర నోట జనం మాట కావలసినప్పుడు కరువు ఉండనే ఉంది. ఇది పండితుల చాదస్తం కాదు. సీడెడ్ అనే ఇంగ్లీషు మాటకు దత్తమండలం అని నమ్మకంగా తర్జుమా చేసుకొని వందేళ్లకు పైగా మోశాము. 1928లో నంద్యాలలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అన్న తరువాతే, ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల కాదు ఇది, మన నేల అన్న స్పృహ మాటలోకి వచ్చింది. కచేరీ మాటను తిప్పికొట్టడం ఈ గడ్డకు కొత్త కాదు.

ఆ పిల్లవాడి తల్లి మరునాడు బడికి వచ్చింది. చేతులకు ఇంకా మట్టి ఉంది. కూలి డబ్బులు ఆరు వారాలుగా రాలేదని చెప్పింది. ప్రభుత్వ పత్రంలో అది ఉపాధి, హామీ. ఆమె మాత్రం ఆ రోజు కూడా కరువు పని అనే అంది. ధాత కరువు నాటి కంకర గుట్టలు ఆమె చూసింది కాదు. అయినా తిండికి జామీను లేక గడ్డపార పట్టే పనికి ఆ పేరే సరైనదని ఆమెకు తెలుసు. పదేళ్ల కిందట నాకు తెలియలేదు. ఆ పాత అనువాదం ప్రతి బయటికి తీశాను. స్కేర్సిటీ ఉన్న చోట్లన్నీ వెదికి 'కరువు' కొట్టివేసి 'కొరత' అని దిద్దుతున్నాను. దిద్దిన ప్రతిచోటా, ఆ మాటను ఎన్నుకున్న అధికారి ఏ ఖర్చు తప్పించుకున్నాడో అంచున రాసుకుంటున్నాను.